అటకమీది ఆస్తి
(పాత వస్తువులను దాచుకొనే కుటుంబములకు కొన్ని ఆలోచనలు)



ఇంటికి సున్నము వేయించేటప్పుడో, పెద్దవారు ప్రభువునందు నిద్రించిన తరువాత ఇల్లు సర్దేటప్పుడో తప్ప మనము అటక వైపు చూడము. చూసినప్పుడు మాత్రము ఆశ్చర్యపోతాము. చిలుము పట్టిన గంగాళము, మూత విరిగిన మరచెంబు, పులుసు కాచిన రాచ్చిప్ప, ఊరగాయ జాడీలు, గాజు పగిలిన లాంతరు, అడుగున పాత పంచెలో చుట్టిన తాతగారి బైబిలు. ఒక తరము కష్టపడి సంపాదించినదంతా అక్కడ దుమ్ములో ఉంటుంది.

ఒకప్పుడు వీటికి విలువ ఉండేది కాదు. స్టీలు సామాను బండి వీధిలోకి రాగానే రెండు ఇత్తడి బిందెలు ఇచ్చి ఒక స్టీలు బిందె తెచ్చుకొని సంతోషించిన ఇండ్లు ఎన్నో. ఇప్పుడు గాలి మారినది. పట్నములో అపార్టుమెంటు హాలులో మూలన ఇత్తడి గంగాళము పెట్టి అందులో పూలు వేస్తున్నారు. భోషాణము టీపాయి అయినది. తిరగలి రాయి తోటలోకి, గ్రామఫోను షోకేసులోకి చేరినవి. "యాంటిక్" అనే మాట మన ఇండ్లలోనూ వినబడుతున్నది.

ఈ ఆసక్తిని గూర్చి మా దగ్గర తరచుగా రెండు ప్రశ్నలు వస్తుంటాయి. ఇలా పాత వస్తువులు కూడబెట్టడము విశ్వాసికి తగునా? ఇది మొదటిది. ఇంట్లో ఉన్న వాటిని ఏమి చేయాలి, అమ్మాలా, ఉంచాలా? ఇది రెండవది. రెండూ మంచి ప్రశ్నలే. వీటికి సమాధానము తొందరపడి చెప్పేది కాదు.

ముసుగులోని రిబ్కా

మన రాష్ట్రములలో పాత వస్తువుల సేకరణ అనగానే అందరికీ గుర్తుకు వచ్చేది హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియము. మూసీ నది దక్షిణపు ఒడ్డున ఉన్న ఈ మ్యూజియములోని వస్తువులలో ఎక్కువ భాగము ఒకే మనిషి కూర్చినవి. ఆయన మీర్ యూసుఫ్ అలీఖాన్, మూడవ సాలార్‌జంగ్. 1889లో జన్మించారు. 1912 నుండి 1914 వరకు నిజాము దగ్గర దివానుగా పనిచేశారు. పదవి విడిచిన తరువాత మిగిలిన జీవితమును, తన ఆదాయములో పెద్ద భాగమును వస్తువుల కొరకే వెచ్చించారు. చైనా పింగాణీ, పర్షియా తివాచీలు, ఐరోపా గడియారములు, జేడు రాతి కత్తుల పిడులు, చేతివ్రాత గ్రంథములు, ఒకటేమిటి!

ఆయన వివాహము చేసుకొనలేదు. 1949లో కన్నుమూశారు. ఆయన కూర్చినవన్నీ ఆయన నివాసమైన దివాన్ దేవిడీలో ఉండిపోయినవి. 1951 డిసెంబరు 16న నాటి ప్రధాని నెహ్రూగారు వాటిని ప్రజల కొరకు ప్రారంభించారు. వారసుల సమ్మతితో 1958లో హైకోర్టు ద్వారా రాజీ కుదిరినది. 1961లో పార్లమెంటు చట్టము చేసి దీనిని జాతీయ ప్రాముఖ్యతగల సంస్థగా ప్రకటించినది. 1968లో ఇది ఇప్పటి భవనములోనికి మారినది. ఒక ధనికుని భవనములో దాగి ఉండవలసినవి నేడు టిక్కెట్టు కొన్న రైతుబిడ్డ కూడా చూడగలుగుతున్నాడు.

ఆ మ్యూజియములో మన బైబిలు పాఠకులు తప్పక చూడవలసిన శిల్పము ఒకటి ఉన్నది. అదే "ముసుగులోని రిబ్కా". ఇటలీ శిల్పి జియోవన్నీ మరియా బెంజోనీ పాలరాతిలో చెక్కినాడు. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోము నగరములో దీనిని కొన్నారు. ఆదికాండము 24వ అధ్యాయములో రిబ్కా దూరమునుండి ఇస్సాకును చూచి ఒంటె దిగి ముసుగు వేసికొన్న ఘట్టమే దీనికి మూలము. రాయి ఒకటే. అయినను పలుచని బట్టలోనుండి ఆమె ముఖము, దించుకొన్న కన్నులు కనబడుతున్నట్లే ఉంటుంది. ఒక ముస్లిము ప్రభువు రోములో కొని తెచ్చిన బైబిలు కథ హైదరాబాదులో అన్ని మతములవారినీ ఆకర్షించుచున్నది!

అక్కడే కొయ్యతో చేసిన జంట శిల్పము ఉన్నది. ముందు వైపు గర్వముతో నిలిచిన మెఫిస్టోఫిలిస్, వెనుక వైపు తల వంచిన మార్గరెటా. జర్మను కవి గోథే వ్రాసిన ఫౌస్టు నాటకములోని పాత్రలివి. వెనుక అద్దము పెట్టుటవలన రెండూ ఒకేసారి కనబడుతాయి. ఒకే దుంగలో శోధకుడు, శోధింపబడినది. సేకరణ అనే అలవాటుకు కూడా ఇలాగే రెండు ముఖములున్నవని మాకు అనిపిస్తుంది.

వాక్యము ఏమి చెప్పుచున్నది?

పాత వస్తువులను దాచుకొనుట తప్పు అని బైబిలు ఎక్కడా చెప్పలేదు. దాచుమని దేవుడే చెప్పిన సందర్భములున్నవి. నిర్గమకాండము 16లో ఒక పాత్రనిండ మన్నా తీసి రాబోవు తరములు చూచునట్లు ఉంచుమని ఆజ్ఞ వచ్చినది. యెహోషువ 4లో యొర్దాను నది మధ్యనుండి పన్నెండు రాళ్ళు తెచ్చి గిల్గాలులో నిలిపిరి. ఆ రాళ్ళలో బంగారము లేదు, శిల్పము లేదు. రేపు పిల్లలు "ఈ రాళ్ళేమిటి?" అని అడుగుతారు, అప్పుడు తండ్రులు జవాబు చెప్పాలి. వాటి ప్రయోజనమంతా అదే. పౌలు కూడా చెరసాలనుండి తిమోతికి వ్రాస్తూ తన అంగీని, పుస్తకములను, ముఖ్యముగా చర్మపు కాగితములను తెమ్మని కోరినాడు (2 తిమోతి 4:13).

అయితే దీనికి రెండవ ముఖము హిజ్కియా రాజు చరిత్రలో కనబడుతుంది. అరణ్యములో మోషే చేయించిన ఇత్తడి సర్పము ఆయన కాలమువరకు భద్రముగా ఉన్నది. వందల సంవత్సరముల నాటిది, మోషే కాలపుది. అంతకంటె విలువైన పురాతన వస్తువు ఏముంటుంది? కాని ప్రజలు దానికి ధూపము వేయసాగిరి. హిజ్కియా దానిని ముక్కలు చేయించెను (2 రాజులు 18:4). దేవుడు చేసిన మేలును జ్ఞాపకము చేయవలసిన వస్తువు దేవుని స్థానములోనికి వచ్చినప్పుడు దాని పాతదనము దానిని కాపాడలేదు.

అదే హిజ్కియా తరువాత ఏమి చేసెను? బబులోను రాయబారులు వచ్చినప్పుడు తన వెండి, బంగారములు, పరిమళ ద్రవ్యములు, ఆయుధశాల, ఏదియు మరుగుచేయక అన్నిటినీ తిప్పి చూపించెను. ఆయనకు కలిగిన స్వస్థతను గూర్చి మాట్లాడవలసిన సమయములో సామాను చూపించెను. ఒక దినమున అవన్నీ బబులోనుకు పోవునని యెషయా చెప్పవలసి వచ్చినది (2 రాజులు 20). ఇత్తడి సర్పమును విరిచిన చేయియే ధనాగారపు తలుపు తెరచినది. మంచి విశ్వాసికి కూడా షోకేసు శోధన కాగలదని దీనినిబట్టి నేర్చుకొనవచ్చును.

కాబట్టి మేము పెట్టుకోదగిన కొలబద్ద ఇది. ఇంట్లో ఉన్న వస్తువు పిల్లలు అడిగితే దేవుని మేలును, పెద్దల కష్టమును చెప్పుటకు పనికివస్తున్నదా? అయితే అది గిల్గాలు రాయి. వచ్చిన అతిథికి మన గొప్ప చూపుటకే ఉన్నదా? అయితే అది హిజ్కియా ధనాగారము. దాని కొరకు అప్పు చేస్తున్నామా, కానుక మానుతున్నామా, భార్యాభర్తలు మాట్లాడుకోవడము లేదా? అయితే అది ధూపము వేయబడుచున్న ఇత్తడి సర్పము.

మన చేతి పనుల విలువ

విలువ తెలియకపోవుట వలన కూడా నష్టమే. మన ప్రాంతపు చేతి పనులను గుర్తుపట్టడము పిల్లలకు నేర్పించడము మంచిది.

బీదరు పనినే తీసుకోండి. పాత నిజాము ప్రాంతపు ఇండ్లలో నల్లని పాందాను, హుక్కా అడుగు, పూల కూజా ఉంటే అవి బీదరువి కావచ్చును. ఇందులో ఎక్కువ పాలు జస్తా, కొద్ది పాలు రాగి. పోత పోసిన తరువాత ఉలితో సన్నని గాడులు చెక్కి అందులో వెండి తీగను, వెండి రేకును కొట్టి బిగిస్తారు. చివరకు బీదరు కోటలోని పాత మట్టిని నవాసాగరముతో కలిపి వేడిచేసి పట్టిస్తారు. జస్తా నల్లబడుతుంది, వెండి మాత్రము తెల్లగానే మెరుస్తుంది. నల్లదనము పై రంగు కాదు, లోహములో నుండి వచ్చినది. గోటితో గీస్తే నల్లరంగు లేచిపోయే వస్తువు బీదరుది కాదు.

కొండపల్లి బొమ్మ తేలికైన తెల్ల పొణికి కర్రతో చేస్తారు. ఏటికొప్పాక బొమ్మ అంకుడు కర్రను తిప్పుతూ లక్క రంగులు పట్టించి చేస్తారు. పెంబర్తి, బుడితి పేర్లు ఇత్తడి పనికి ప్రసిద్ధి. ఇవి ఎంత పాతవైనా, ఎంత కొత్తవైనా, వెనుక ఒక పనివాని కుటుంబము ఉన్నది. పాతదానికి లక్ష ఇచ్చి, నేటి పనివాని దగ్గర పది రూపాయలకు బేరమాడుట క్రైస్తవ నీతి కాదు.

ఇక మన సంఘములకు చెందిన సంపద వేరే ఉన్నది. తెలుగులో సువార్తలు మొదట 1812లో సేరంపూరులో అచ్చు అయినవి. విశాఖపట్టణములో పనిచేసిన ఆగస్టస్ డెగ్రాంజ్ అనే మిషనరీ ఆనందరాయర్ సహాయముతో చేసిన అనువాదము అది. అచ్చు కాకముందే, 1810లో డెగ్రాంజ్ మరణించాడు. తన చేతి పని అచ్చులో చూడలేదు. ఆ తరువాతి కాలపు పాత ముద్రణ బైబిళ్ళు, పాటల పుస్తకములు, బాప్తిస్మపు రిజిష్టర్లు నేటికీ కొన్ని గుడుల బీరువాలలో, కొన్ని ఇండ్ల పెట్టెలలో ఉన్నవి. కుటుంబ బైబిలు మధ్య పేజీలలో తాతగారు వ్రాసిన పుట్టిన తేదీలు, పెండ్లి తేదీలు మరెక్కడా దొరకవు. చాలా కుటుంబములకు అదే వంశవృక్షము. అటువంటి బైబిలును పాత పేపర్ల వానికి తూకమునకు వేయకండి. గుడిలోని పాత గంట, సంస్కారపు గిన్నె, కాలితో తొక్కే హార్మోనియము, రిజిష్టర్లు సంఘము ఆస్తి. పెద్దల తీర్మానము లేకుండా ఎవరూ వాటిని అమ్మరాదు, ఇంటికి తీసుకొనిపోరాదు.

మోసముల నుండి జాగ్రత్త!

పాత వస్తువుల పేరు చెప్పి మన ఊళ్ళలో జరుగుచున్న మోసములను గూర్చి మౌనముగా ఉండలేము. వీటిలో విశ్వాసుల కుటుంబములు కూడా నష్టపోవచ్చును.

మొదటిది "రైస్ పుల్లింగ్". పిడుగు పడిన పాత రాగి చెంబుకు బియ్యపు గింజలను లాగే శక్తి ఉన్నదని, విదేశీ అంతరిక్ష సంస్థలు కోట్లిచ్చి కొంటాయని చెబుతారు. పరీక్షకు, ప్రత్యేక దుస్తులకు, రసాయనములకు ముందుగా లక్షలు కట్టమంటారు. ఇనుపరజను పట్టించిన గింజలు, దాచిన అయస్కాంతము, అంతే దాని రహస్యము. రాగికి బియ్యమును లాగే గుణము లేదు. రెండు తెలుగు రాష్ట్రములలోనూ పోలీసులు ఇటువంటి ముఠాలను పట్టుకొన్నారు.

రెండవది పాత నాణెముల, నోట్ల ఆశ. ట్రాక్టరు బొమ్మగల అయిదు రూపాయల నోటుకు, 786 అంకెగల నోటుకు లక్షలిస్తామని ఫోనులో ప్రకటనలు వస్తాయి. ముందుగా కమీషను, పన్ను కట్టమంటారు. తమ పేరు వాడుకొని ఇలా మోసము చేస్తున్నారని, పాత నోట్ల కొనుగోలుతో తమకు సంబంధము లేదని, ఎటువంటి రుసుము అడగమని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించినది.

మూడవది నకిలీ నాణెములు. ఒక వైపు ఈస్టిండియా కంపెనీ పేరు, 1818 సంవత్సరము, మరియొక వైపు దేవతల బొమ్మలు ఉన్న రాగి బిళ్ళలు సంతలలో కనబడుతాయి. కంపెనీ అటువంటి నాణెములను వేయలేదు. దేశమంతటికీ ఒకే విధమైన కంపెనీ నాణెములు 1835 నుండి మాత్రమే వచ్చినవి. అసలైన ఆ కాలపు వెండి రూపాయి ఒక తులము, అనగా సుమారు 11.66 గ్రాములు తూగుతుంది. 1940 నుండి రూపాయిలో వెండి పాలు సగమునకు తగ్గించారు. చిన్న త్రాసు దగ్గర ఉంటే సగము మోసము అక్కడే బయటపడుతుంది.

ఎవరైనా ఇంటి గుమ్మములోకి వచ్చి తొందరపెట్టి "ఇప్పుడే ఇవ్వండి" అంటే ఆ రోజు అమ్మకండి. ముఖ్యముగా ఒంటరిగా ఉన్న పెద్దవారికి ఈ మాట చెప్పి ఉంచండి. నిజమైన కొనుగోలుదారుడు రేపు కూడా వస్తాడు.

చట్టము ఏమంటున్నది?

పురావస్తువుల, కళాఖండముల చట్టము 1972లో చేయబడి 1976 ఏప్రిల్ 5 నుండి అమలులోనికి వచ్చినది. నూరు సంవత్సరములు దాటిన శిల్పములు, చిత్రములు, నాణెములు, చేతిపని వస్తువులు దీని క్రిందికి వస్తాయి. చేతివ్రాత గ్రంథములకు డెబ్బది అయిదు సంవత్సరములు చాలును. ఇంట్లో ఉంచుకొనుట నేరము కాదు. అయితే రాతి, లోహ శిల్పములు, చిత్రములు, బొమ్మలుగల తాళపత్రములు మొదలగు కొన్ని రకములను రిజిష్టరు చేయించాలి. వీటితో వ్యాపారము చేసేవారికి లైసెన్సు ఉండాలి. విదేశములకు పంపరాదు. అమెరికాలో ఉన్న కుమారునికి తాతగారి పాత విగ్రహమునో చిత్రమునో పెట్టెలో పెట్టి పంపడము కూడా చిక్కు తెస్తుంది.

పునాది తవ్వేటప్పుడు నాణెముల కుండ దొరికితే 1878 నాటి నిక్షేపముల చట్టము ప్రకారము కలెక్టరుగారికి తెలియజేయాలి. ఏనుగు దంతపు వస్తువులను అమ్మడము, కొనడము వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము.

ఇందులో పొరుగువానిని ప్రేమించే సంగతి కూడా ఉన్నది. ప్రకాశం జిల్లా చందవరంలోని సున్నపురాతి బౌద్ధ శిల్పము ఒకటి దొంగల చేతులు మారి ఆస్ట్రేలియా దేశపు జాతీయ చిత్రశాలకు చేరినది. అది దొంగసొత్తు అని తేలిన తరువాత 2016లో మన దేశమునకు తిరిగి ఇచ్చినారు. అంత పెద్ద సంస్థయే మోసపోయినది. ఇతర మతస్థుల ఆలయమునుండి తీయబడిన విగ్రహము మన హాలులో అలంకారముగా నిలబడితే, అది వారికి ఎంత బాధ! మన గుడి గంట మరొకరి వరండాలో వ్రేలాడితే మనకెట్లుండును? ఎక్కడనుండి వచ్చినదో చెప్పలేని వస్తువును కొనకుండుటే మేలు.

ఎలా కాపాడుకోవాలి?

పాత వస్తువుకు మొదటి శత్రువు అతిగా తోమడము. వాడే ఇత్తడిని చింతపండుతో తోమవచ్చును గాని, సన్నని చెక్కడము ఉన్నదానిని ప్రతి వారము తోమితే పని అరిగిపోతుంది. మెత్తని పొడి గుడ్డ చాలును. నాణెములను అసలు తోమరాదు. మెరిసిన నాణెమునకు సేకరణదారుల దగ్గర విలువ తగ్గుతుంది. కళాయి పోయిన ఇత్తడి, రాగి పాత్రలలో పులుసు, మజ్జిగ ఉంచకండి. చిలుము విషము.

పాత బైబిలుకు సెల్లోటేపు అంటించవద్దు, లామినేషను చేయించవద్దు. జిగురు కాలక్రమమున కాగితమును తినివేస్తుంది. శుభ్రమైన నూలు గుడ్డలో చుట్టి, గోడకు ఆనించకుండా, తేమ లేని చోట పడుకోబెట్టి ఉంచండి. ప్లాస్టికు సంచిలో బిగిస్తే చెమ్మ పట్టి బూజు వస్తుంది. ఏడాదికి రెండుసార్లు తీసి చెదలు చూడండి. వంశపు పేజీలను ఫోటో తీసి అన్నదమ్ములందరికీ ఒక్కొక్క ప్రతి ఇవ్వండి. అసలు ఎవరి దగ్గర ఉన్నా, పేర్లు అందరి దగ్గర ఉంటాయి.

కథ లేని వస్తువు ఇనుపసామానే

వస్తువుకంటె దాని కథ ముందుగా పోతుంది. ఆ మరచెంబు అమ్మమ్మ ఏ తీర్థయాత్రకో, కన్వెన్షను కూటములకో మోసుకెళ్ళినదా? ఆ టేకు పెట్టె రంగూను వెళ్ళి వచ్చిన ముత్తాతదా? ఆ లాంతరు వెలుగులో ఊరిలో మొదటి ప్రార్థన జరిగినదా? అడిగితే చెప్పే పెద్దవారు ఇంట్లో ఉన్నప్పుడే అడగాలి. దీపము ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్నారు కదా! ఒక సెలవు దినమున పిల్లలను కూర్చుండబెట్టి, అమ్మమ్మను మాట్లాడమని, చిన్న చీటీపై వ్రాసి వస్తువుకు కట్టండి. ఎవరిది, ఎక్కడిది, ఏ సంవత్సరము, ఈ మూడు మాటలు చాలును.

పంపకముల సంగతి కూడా అప్పుడే తేల్చుకొనండి. పొలము పంచుకొన్నప్పుడు రాని గొడవ ఒక వెండి గ్లాసు దగ్గర వస్తుంది. అమ్మ బ్రతికి ఉండగా తన చేతితో "ఇది నీకు" అని ఇచ్చిన గ్లాసుకు తగవు ఉండదు. అందరూ కోరేది ఒకటే ఉంటే, ఏడాదికి ఒకరి ఇంట ఉంచుకోవచ్చును, లేదా సంఘమునకో, మ్యూజియమునకో కానుకగా ఇవ్వవచ్చును. వస్తువు కొరకు తోబుట్టువును పోగొట్టుకొనుట ఏ లెక్కన చూచినా నష్టమే.

ఇంట్లో రోగముండి, పిల్లల ఫీజు కట్టలేక ఉండి, పాత వెండిని అమ్మవలసి వస్తే సిగ్గుపడవద్దు. రెండు మూడు చోట్ల ధర అడిగి, తూకము చూసుకొని అమ్మండి. వస్తువులు మనుష్యుల కొరకు ఉన్నవి గాని మనుష్యులు వస్తువుల కొరకు లేరు. అమ్మేముందు ఒక ఫోటో తీసి, దాని కథ వ్రాసిపెట్టుకొంటే జ్ఞాపకము మీ దగ్గరే ఉంటుంది.

లూకా 15లో పది నాణెములలో ఒకటి పోగొట్టుకొన్న స్త్రీ దీపము వెలిగించి ఇల్లంతా ఊడ్చి వెదకినది. దొరికినప్పుడు ఆమె దానిని మరల దాచుకొని ఊరకుండలేదు. చెలికత్తెలను, పొరుగువారిని పిలిచి వారితో కలిసి సంతోషించినది. పాత వస్తువుల విషయములో విశ్వాసికి ఇంతకంటె మంచి మాదిరి లేదు. చిమ్మెట, తుప్పు పట్టేవి ఎలాగూ ఒకనాడు పోతాయి. అవి ఉన్నంతకాలము పిల్లల చేతికిచ్చి, పొరుగువారికి చూపి, దేవుని మేలులు చెప్పుకొందుము. అటక దింపినప్పుడు చేతికి దుమ్ముతోపాటు కృతజ్ఞత కూడా అంటుకొనునట్లు ప్రభువు మన కుటుంబములకు సహాయము చేయును గాక.